ఈశాన్యం వాలు

సార్నియాలో ఆ ఇంటిని చూసి మొదట ఎవరూ భయపడలేదు. భయపడాల్సిందేమీ లేదు కూడా. వందేళ్ళు దాటిన ఎర్ర ఇటుకల ఇల్లు, ముందు చెక్క వరండా, వెనక మంచు కింద ఎక్కడో పూడుకుపోయిన పెరడు. ఆరుగురు అమ్మాయిలు, ఒకటే వంటిల్లు. కాలేజీకి నడిచి ఇరవై నిమిషాలు. మన పిల్లలు విమానాలు దిగి దిగి ఆ చిన్న ఊరిని నింపేసిన ఆ రెండు మూడేళ్ళలో, నడిచి వెళ్ళే దూరంలో గది దొరకడమే గొప్ప. కారు లేనివాళ్ళకు అక్కడ కాళ్ళే దిక్కు. కాబట్టి వాళ్ళు ఇంటిని చూసి దిగలేదు, దూరాన్ని చూసి దిగారు.

ఇల్లు వెచ్చబడే ఏర్పాటు మాత్రం పాతకాలంది. బేస్‌మెంట్‌లో గ్యాసు బాయిలరు. ప్రతి గదిలో కిటికీ కింద ఇనప రేడియేటరు. బాయిలర్లో నీళ్ళు మరిగి, ఆవిరి పైపు వెంట గదుల్లోకి ఎక్కుతుంది. అక్కడ వేడి ఇచ్చేసి, చల్లబడి, నీళ్ళయి, వచ్చిన పైపులోంచే మళ్ళీ బాయిలర్లోకి దిగుతుంది. వెళ్ళడానికీ రావడానికీ ఒకటే దారి. అందుకని ఆ పైపుకు వాలు ముఖ్యం. పది అడుగులకు ఒక అంగుళం చొప్పున బాయిలరు వైపు దిగుతూ ఉండాలి.

మిగతా అయిదుగురికీ ఇది పట్టలేదు. నిఖిలకు పట్టింది. ఆమె తండ్రి కొమరయ్య నిజామాబాద్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేశాడు. "ఆవిరికి దారి చూపియ్యకున్నా పోతది బిడ్డా, నీళ్ళకు మాత్రం మనమే చూపియ్యాలె," అని కూతురికి అన్నం తింటూ కూడా చెప్పేవాడు. అందుకే ఇంట్లో దిగిన మొదటి వారమే ఆమె బేస్‌మెంట్‌కి వెళ్ళి ఆ పైపుల్ని ముచ్చటగా చూసుకుంది. ఎవరో పనిమంతుడు వేశాడు.

ఆ పనిమంతుడు ఇంటి పాత యజమానే. చమురు శుద్ధి కర్మాగారంలో పైపులు బిగించేవాడట. చనిపోయేదాకా ఈ ఇంట్లోనే ఉన్నాడట. బాయిలరు పక్కన గోడ మీద పెన్సిలుతో, ప్రతి ఏడూ చలికాలం ముందు ఒక పంక్తి రాసుకున్నాడు. 1961 నవంబరు దగ్గర మాత్రం నాలుగు పంక్తులున్నాయి. వాలు తప్పింది, పైపు చివర నీళ్ళు నిలిచాయి. మా మార్గరెట్ గది తలుపు మూడు రోజులు తెరుచుకోలేదు. వాలు సరిచేశాను. తెరుచుకుంది. ఇక అక్కడి నుంచి నలభై ఏళ్ళకు పైగా ఒకే మాట. వాలు సరే. ఇంకా వినిపిస్తోంది.

ఇనుము వేడెక్కినప్పుడు పైపులు టిక్కు టిక్కుమంటాయి. పాపం ముసలాయనకు అదీ నచ్చలేదు కాబోలనుకుంది నిఖిల. అంత శ్రద్ధగల మనిషి మీద ఆమెకు గౌరవం కలిగింది.

ఆ అక్టోబరులో ఇల్లు చేతులు మారింది. కొన్నవారు ఆంజనేయప్రసాద్ గారు. మిస్సిసాగాలో ఐటీ ఉద్యోగం, మంచి మనిషి, పిల్లలకు పండగ రోజు పులిహోర పంపే రకం. ఒక్క వాస్తు విషయంలోనే ఆయనతో పడలేం. ఫోనులో దిక్సూచి తెరిచి ఇల్లంతా తిరిగి, బేస్‌మెంట్‌కి దిగి, పైపుని చూసి గుండె పట్టుకున్నారు. బాయిలరు నైరుతి మూల. పైపు ఈశాన్యం నుంచి నైరుతికి వాలి ఉంది.

"నీళ్ళు నైరుతికి పారుతున్నాయమ్మా! ఇలాంటి ఇంట్లో మీరు ఎలా పాసవుతున్నారు?"

"అంకుల్, అది ఆవిరి పైపు. వాలు బాయిలరు దిక్కే ఉండాలె," అంది నిఖిల.

"నువ్వు మెకానికల్ చదివావు గానీ వాస్తు చదవలేదుగా తల్లీ."

మర్నాడు ఒక రిపేర్ల మనిషి వచ్చి, పైపుని దూలాలకు వేలాడదీసిన గొలుసుల్ని ఈశాన్యం చివర కిందికి దించి వెళ్ళాడు. వాలు తిరగబడింది. నిఖిల ఇంకోసారి గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇల్లు ఆయనది, పొమ్మంటే ఇంకోటి దొరకదు. నోరు మూసుకుని మెట్లెక్కింది.

అప్పటి నుంచి పైపులు మోగడం మొదలైంది. నిలిచిన నీళ్ళ మీదికి ఆవిరి దూసుకొచ్చి, వాటిని ఇనుముకేసి బాదుతుంది. ఎవరో సుత్తితో కొట్టినట్టు ఇల్లంతా ధన్ మనేది. అమ్మాయిలు రెండు రోజులు తిట్టుకుని, మూడో రోజు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు.

ఆ పైపు చివరి గది, మేడ మీద ఈశాన్యం గది, దేవిశ్రీది. తణుకు అమ్మాయి. రోజూ దీపం పెడుతుంది కాబట్టి ఈశాన్యం ఆమెకే ఇవ్వాలని ఆంజనేయప్రసాద్ గారి తీర్పు. నుదుట మెరూన్ రంగు బొట్టుబిళ్ళ, మధ్యలో చిన్న తెల్ల రాయి. అట్టలకు అట్టలు ఇంటి నుంచి తెచ్చుకుంది. స్నానానికి వెళ్తూ అద్దానికి అంటిస్తుంది, రాగానే మళ్ళీ నుదుటికి. నిఖిలకు ఆ దేశంలో ప్రాణం పెట్టే మనిషి ఎవరంటే దేవిశ్రీయే. మొదటి చలికాలం జ్వరంతో పడి ఉంటే పన్నెండు రోజులు గంజి కాచి పోసింది. ఆ ఇంట్లో టీ పిలుపు కనిపెట్టిందీ ఆమే. టీ అవగానే వంటింటి రేడియేటరు మీద చెంచాతో రెండు గబగబా, ఒకటి ఆగి. టకటక... టక్. పైపు వెంట పాకి ఆ చప్పుడు ప్రతి గదికీ వెళ్ళేది. ఇంట్లో ఎవరైనా అలా కొడతారు గానీ, ఆ చివరి దెబ్బను అంత ముద్దుగా ఆపి కొట్టడం దేవిశ్రీకే వచ్చు.

డిసెంబరు ముప్పై. మిగతా నలుగురూ కొత్త సంవత్సరానికి బ్రాంప్టన్ వెళ్ళారు. మధ్యాహ్నం రెండింటికి హ్యూరన్ సరస్సు మీంచి మంచు తుఫాను దిగింది. కిటికీలోంచి ఎదురిల్లు పోయింది, తర్వాత వీధి పోయింది, తర్వాత తమ వరండా మెట్లే పోయాయి. బయట మైనస్ ఇరవై నాలుగు. నిఖిల వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. ఇంట్లో పోపు వాసన, తడి ఉన్ని వాసన.

పైనుంచి పిలుపు వచ్చింది. "ఒసేయ్ నిక్కీ! తలుపు రావట్లేదే!"

నిఖిల నవ్వుకుంటూ మెట్లెక్కింది. "లాగవే గట్టిగా."

"లాగుతూనే ఉన్నా. నువ్వు అటు నుంచి తొయ్యి."

తోసింది. భుజంతో తోసింది. పాతకాలపు ఓకు తలుపు, గోడలో కలిసిపోయినట్టుంది. అంచులన్నీ తడిగా, వెచ్చగా తగిలాయి. గదిలో ఆవిరి నిండి చెక్క ఉబ్బిందని నిఖిలకు అర్థమైంది.

"రేడియేటరు నుంచి నీళ్ళు కక్కుతోందే. కాళ్ళ దగ్గరికి వచ్చేశాయి."

"కిటికీ తియ్యి."

"గడ్డకట్టి బిగుసుకుంది. రాదు."

నిఖిల సుత్తి తెచ్చి కొట్టింది, కత్తి దూర్చి చూసింది. తలుపు కదల్లేదు. ఎమర్జెన్సీ నంబరుకు ఫోను చేస్తే, రోడ్లన్నీ మూసేశారు, ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకే ముందు, మీరు మూడు నాలుగు గంటలు ఆగాలన్నారు. ఆంజనేయప్రసాద్ గారికి చేసింది.

"చెక్క ఉబ్బి ఉంటుందమ్మా, వేడి తగ్గితే అదే వస్తుంది. కంగారు పడకండి. ఈశాన్యం పైపు మాత్రం ముట్టుకోవద్దు. మా సిద్ధాంతిగారు..."

ఫోను కట్ చేసింది. జీవితంలో మొదటిసారి ఒక పెద్దాయన మాట్లాడుతుండగా ఫోను పెట్టేసింది.

"నిక్కీ..." ఈసారి దేవిశ్రీ గొంతు తగ్గింది. తలుపుకు నోరు ఆనించి గుసగుసగా అంటోంది. "నువ్వు నవ్వకు. రేడియేటరు వెనక ఎవరో ఊపిరి తీస్తున్నారే."

"ఆవిరి అది. గాలి పోయే బుడిపె లోంచి వస్తది."

"ఆవిరి బయటికే కదా వస్తుంది... ఇది లోపలికి కూడా తీస్తోంది."

నిఖిల తలుపుకు అరచేయి ఆనించింది. "మంచం మీదికి ఎక్కి కూసో. నేను పోయి బాయిలరు బంద్ చేసి, వాలు సరిచేసి వస్త. నీళ్ళు దిగిపోతయి. భయపడకు దేవీ, నేనున్న కదా."

"త్వరగా రావే... నీళ్ళు వేడిగా లేవు. ఒంటి వేడి ఉంది అంతే."

బేస్‌మెంట్ మెట్లు దిగుతుంటే గోడ మీది పంక్తులు నిఖిల కళ్ళ ముందు కదిలాయి. తలుపు మూడు రోజులు తెరుచుకోలేదు. వాలు సరిచేశాను. తెరుచుకుంది. మందు గోడ మీదే రాసి ఉంది. ఆమెకు ధైర్యం వచ్చింది.

బాయిలరు స్విచ్ ఆపింది. మంట ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో తుఫాను చప్పుడు కూడా వినపడలేదు. బూజు వాసన, గ్యాసు వాసన, ఇనుము వాసన. ఒకటే బల్బు. పైపు తల మీద నల్లగా ఆ చివరిదాకా పాకి, చీకట్లోకి వెళ్ళి, అక్కడ పైకి మలుపు తిరిగింది.

వాలు కొలిచే రసమట్టం లేదు. నీళ్ళ సీసాలో సగం నీళ్ళుంచి, పైపు మీద అడ్డంగా పెట్టి చూసింది. నీళ్ళు ఈశాన్యానికి ఒరిగాయి. ఫోనులో టార్చి వేసి నోట పట్టుకుంది. తువ్వాలును చుట్టకుదురులా చుట్టి భుజాన పెట్టుకుంది. పాలడబ్బాల పెట్టె ఎక్కి, పైపు కింద భుజం ఆనించి లేపింది. తువ్వాల్లోంచి వేడి చుర్రుమంది. గొలుసులో ఒక లంకె పైకి లాగి... కొక్కేనికి తగిలించింది.

పైపులోంచి చప్పుడు వచ్చింది. టకటక... టక్.

నిఖిలకు ఏడుపొచ్చినంత పనైంది. దేవిశ్రీ రేడియేటరు మీద కొడుతోంది. ఉన్నానే, వింటున్నానే అని చెబుతోంది. దూలం మీద ఎవరో వదిలేసిన స్పానరు అందుకుని తనూ కొట్టింది. టకటక... టక్. వస్తున్ననే.

రెండో లంకె. టకటక... టక్. టకటక... టక్. చప్పుడు తొందరపడింది. "వస్తున్న దేవీ, ఇంకొక్కటే!" అని అరిచింది. టకటక టక్. టకటక టక్. టకటక టక్. పైపు ఆమె భుజం మీద వణికింది. మూడో లంకెకు ఒళ్ళంతా బిగబట్టి లేపింది. అంత బరువు పైపును అంతకుముందు ఎప్పుడూ ఎత్తలేదు. ఎవరో అటు చివర పట్టుకుని కిందికి గుంజుతున్నట్టుంది. పళ్ళు బిగించి... కొక్కెం తగిలించింది.

సీసాలో నీళ్ళు నైరుతికి ఒరిగాయి.

ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత పైన ఎక్కడో గుటక వేసిన చప్పుడు. నీళ్ళు దిగాయి. మలుపు దాటాయి. ఆమె తల మీదుగా, పైపులో గలగలమంటూ బాయిలరు వైపు నడిచాయి. వాటితో పాటు ఆ చప్పుడూ నడిచింది. టకటక టక్... టకటక టక్... ఈశాన్యం నుంచి ఆమె తల మీదికి... తల మీంచి అవతలికి... చివరికి బాయిలర్లోకి జారింది.

ఆగిపోయింది.

ఇనుము సర్దుకుంటోంది అనుకుంది నిఖిల. అనుకోవాలనుకుంది. పైన తలుపు కిర్రుమన్న శబ్దం వినిపించింది. ఇక ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. రెండేసి మెట్లు ఎక్కుతూ పరిగెత్తింది.

ఈశాన్యం గది తలుపు బార్లా తీసి ఉంది. దేవిశ్రీ మంచం అంచున, రేడియేటరుకు ఎదురుగా కూర్చుని ఉంది. నిఖిల వెళ్ళి వాటేసుకుని బావురుమంది. "నాదే తప్పు, ఆ రోజే అంకుల్‌తో కొట్లాడి ఉండాల్సింది," అంటూ ఏడ్చింది. దేవిశ్రీ ఒళ్ళు కాలిపోతోంది. జుట్టు పొడిగా ఉంది. కాళ్ళ దాకా నీళ్ళన్న ఆ గదిలో నేల కూడా పొడిగానే ఉంది. నీళ్ళు దిగిపోయాయిగా అనుకుంది నిఖిల. నుదుట బొట్టు లేదు. చెమటకు ఊడిపోయిందేమో అనుకుంది.

"చలేస్తోంది," అంది దేవిశ్రీ, రేడియేటరు మీంచి చూపు తిప్పకుండా. "బాయిలరు వెయ్యి."

నిజమే. గంట ఆగితే ఇల్లు గడ్డకడుతుంది. నిఖిల ఆమెకు దుప్పటి కప్పి మళ్ళీ కిందికి దిగింది. భుజం మంటగా ఉన్నా మనసు తేలికైంది. రాత్రికి వేడిగా చారు పెట్టాలి, తెల్లారి ఆంజనేయప్రసాద్ గారితో పెద్ద గొడవ పెట్టుకోవాలి. స్విచ్ వేసింది. భగ్గున మంట అంటుకుంది. పాత పనిమంతుడి లాగా తనూ గోడ మీద తేదీ రాద్దామని పెన్సిలు కోసం వెతికింది.

అప్పుడు వినిపించింది.

టకటక... టక్.

టీ పెట్టినట్టుంది, అనుకుని నవ్వింది. ఆ చివరి దెబ్బను అలా ఆపి కొట్టేది ఒక్కతే. నవ్వు మధ్యలోనే ఆగింది. చప్పుడు పైపులోంచి రావడం లేదు. తన మోకాళ్ళ ఎత్తులోంచి వస్తోంది. బాయిలరు లోపలి నుంచి.

"దేవీ!" మెట్ల వైపు తిరిగి కేకేసింది. "నువ్వేనా కొడుతున్నది?"

"లేదక్కా." పైనుంచి దేవిశ్రీ గొంతు. మెట్ల తలుపు దగ్గర నుంచే. "మంట ఇంకొంచెం పెంచు."

రెండేళ్ళలో దేవిశ్రీ ఆమెను ఒక్కసారి కూడా అక్కా అనలేదు. ఇద్దరూ ఒక ఈడువాళ్ళు.

నీళ్ళు వేడెక్కుతున్నాయి. బాయిలర్లో చప్పుడు తొందరపడింది. టకటక టక్. టకటక టక్. టకటకటకటక... అది పిలుపు కాదు ఇప్పుడు. కాలుతున్న మనిషి తలుపు బాదడం.

నిఖిల స్విచ్ ఆపేసింది.

మంట పోయింది. చప్పుడు మెల్లగా తగ్గింది. ఇందాక పైపు లేపుతున్నప్పుడు వచ్చింది రమ్మని కాదు... ఆపమని. భుజం మీద ఎత్తిన కొద్దీ కిందికి గుంజింది దేవిశ్రీయే. పోయే దారి లేక ఆ గదిలో నిలిచిన మనిషిని, తనే దారి చేసి, ఇందులోకి దించింది. చప్పుడు కోసం బాయిలరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గోడ ఎదురుగా ఉంది. నలభై పంక్తులు. ఇంకా వినిపిస్తోంది. ఇంకా వినిపిస్తోంది. ఇంకా వినిపిస్తోంది. మార్గరెట్ చప్పుడు వింటూనే, ఆయన ప్రతి చలికాలం ఈ మంట వెలిగిస్తూనే ఉన్నాడు.

ఇల్లు చల్లబడుతోంది. వెంటిలేటరు అద్దం మీద మంచు గడ్డలు పేరుకున్నాయి. బయటికి దారి ఆ మెట్లే. స్విచ్ వేస్తే లోపల దేవిశ్రీ కాలుతుంది. వెయ్యకపోతే తను గడ్డకడుతుంది.

మెట్ల మీద చెక్క కిర్రుమంది. ఒక మెట్టు... ఇంకో మెట్టు...

"ఎందుకు ఆపేశావక్కా?"

నిఖిల స్విచ్ మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, వీపు బాయిలరుకు ఆనించింది. ఒళ్ళో పడిన ఫోను వెలుగు, పక్కనే బాయిలర్లో నీళ్ళ మట్టం తెలియడానికి బిగించిన సన్నని గాజు గొట్టం మీద పడుతోంది. పైనా కిందా ఇత్తడితో మూసేసిన గొట్టం అది. బయటి నుంచి దాన్లో ఏదీ పడే వీల్లేదు.

మెట్టు కిర్రుమన్నప్పుడల్లా గొట్టంలో నీళ్ళు వణికాయి. ఆ నీళ్ళ మీద, పైకీ కిందికీ ఊగుతూ, గాజుకు అంటుకోవాలని చూస్తోంది ఒక మెరూన్ బొట్టుబిళ్ళ. మధ్యలో చిన్న తెల్ల రాయి.